మొదటి అరగంట

గురువారం, నవంబరు 14
సాయంత్రం 6 గంటలు

వదినకు,

నమస్కారాలు. మీ అక్కకూ బావగారికీ కూడా చెప్పు. ఈ ఉత్తరం అన్నయ్యే మీ అక్కవాళ్లింటికి తెచ్చి ఇస్తాడు.

సోమవారం సాయంత్రం 4.10కి ల్యాబు ఫలితాలు వచ్చాయి. 5.00కి నీ గుర్తింపు కార్డు తీసుకుని నిన్ను ఇంటికి పంపారు. ఆ యాభై నిమిషాల్లో ఏం జరిగిందో నీకెవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

పాత మాత్రా, మన కంపెనీ కొత్త మాత్రా రక్తంలోకి ఒకేలా ఎక్కుతున్నాయా అన్నదే కదా ఈ పరీక్ష. మందు ఎక్కడం, శిఖరానికి చేరడం, దిగడం, మూడూ కనబడాలి. మాత్ర మింగిన ఇరవై నలుగురిలో తొమ్మిదిమందికి, అరగంటకు తీసిన మొట్టమొదటి రక్తం నమూనాలోనే మందు అన్నిటికంటే ఎక్కువగా ఉంది. ఆ తర్వాతంతా దిగుడే. అసలు శిఖరం ఎప్పుడొచ్చిందో తెలియదు. రెండు విడతల్లో మనిషికి ఇరవై నాలుగుసార్లు తీసిన రక్తం వృథా.

మేనేజరు ఒక్క మాటలో తేల్చేశాడు. నర్సువి నువ్వు రక్తం ఆలస్యంగా తీసి, వేళకు తీసినట్టు రాశావట. విచారణ కమిటీ అదే నమ్మితే ఇక ఏ వార్డులోనూ నిన్ను సూది పట్టనివ్వరు. నన్ను పిలిచి, ఇంటి మనిషని మొహమాటపడకండి, రక్తం తీసే వేళల పట్టిక వేసింది మీరు కాబట్టి మీ మాటే చెల్లుతుంది అన్నాడు. సరేనని వచ్చేశాను.

నిన్నంతా కాగితాలు చూశాను. ఆ తొమ్మిదిమందిలో నలుగురు నీ వరసవాళ్లు కారు, రెండో నర్సు వరస. నువ్వు తీసిన రక్తం గొట్టాలు, వాటిని గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్ యంత్రం దగ్గరికి చేరిన వేళల్ని అక్కడి టెక్నీషియన్ విడిగా రాసుకున్నాడు. నీ వేళలకీ వాటికీ మూడు నిమిషాలకు మించి తేడా లేదు. ఆవిడ ఆలస్యమా, గోడ గడియారం వెనకబడితే దాన్నే కసురుకునే మనిషండీ అన్నాడు. వార్డులో నీ పేరు గడియారమ్మట కదా.

అన్నయ్య నాతో సరిగా మాట్లాడటం లేదు. రాత్రి భోజనం దగ్గర మాత్రం, మనిద్దరి మధ్య తను అడకత్తెరలో పోకచెక్కనయ్యానని, ఆఫీసులో కూడా ఆడపడుచు పెత్తనం చేసేదాన్ని నన్నే చూశానని అన్నాడు.

నీ వేళలు తప్పు కావని కమిటీకి చెబుతాను. ధైర్యంగా రా.

నీ ఆడపడుచు

తా.క.: ఉత్తరం కవర్లో పెట్టి మళ్లీ తీశాను. అసలు సంగతి రాయలేదు. నేను మొదట వేసిన పట్టికలో పదిహేను నిమిషాలకు ఒక నమూనా ఉంది. ఒక్కో నర్సు రెండేసి నిమిషాల తేడాతో తన వరసలోని పన్నెండుమందికి మాత్రలు ఇస్తుంటే, చివరివాడి వంతు రాకముందే మొదటివాడి రక్తం తీయాలి. దానికి మూడో నర్సు కావాలి. అడిగితే మేనేజరు విసుక్కుంటాడని ఆ నమూనానే కొట్టేశాను. వంటింట్లో నువ్వు పట్టిక చూసి, మొదటి అరగంట ఖాళీగా ఉందేంటి, ఈ మాత్ర గబుక్కున ఎక్కే రకం, కిందటి పరీక్షలో ఇరవై నిమిషాలకే అందరూ మగతగా ఆవులించారు అన్నావు. సూది నీది, లెక్క నాది అన్నాను.

కొట్టివేత కింద నా సంతకం ఉన్న ఆ కాగితం నా సంచిలో ఉంది. రేపు ఉదయం పదిన్నరకు కమిటీ నిన్ను పిలుస్తుంది. నేను పదింటికే లోపలికి వెళ్తున్నాను.