పోపుల డబ్బాలో ట్యాంకుల ఆట

కోటమ్మా,

నా రాత కోడి గెలికినట్టుంటుంది, తప్పులూ ఉంటాయి, ఏమనుకోకు.

చిన్న కంప్యూటర్ బోర్డు తెప్పించి, నీ పోపుల డబ్బాలో బిగించి టీవీకి కలిపాను. మనం టీవీలో ఆడుకున్న ట్యాంకుల ఆట మళ్ళీ వచ్చింది. డబ్బా వేడెక్కితే మెంతుల వాసన వస్తోంది.

ఈరోజు నీ సంవత్సరీకం. నీకిష్టమైనవి ఫోటో ముందు పెట్టమన్నారు. గారెల పక్కన ఆట ఆడే రెండో రిమోటు పెట్టాను. మా చెల్లెలు మండిపడింది.

"ఏంది అన్నయ్యా ఇది? నలుగురూ నవ్వరూ?"

"నవ్వనీ."

"తీసెయ్యి!"

"తియ్యను. మీ వదినకి చీరకన్నా ఇదే చానా ఇష్టం."

ఎప్పుడూ ఎదురు చెప్పని నా నోట అంత మాట విని పంతులుగారు కూడా మంత్రం ఆపారు.

భోజనాలయ్యాక అందరి ఎదుటే ఆట పెట్టాను. ఒకరా, ఇద్దరా అని టీవీ అడిగింది. ఇద్దరమని నొక్కాను. నీ ట్యాంకు కదల్లేదు, నేను ఓడిపోయాను. ఎన్నిసార్లు ఓడినా ఇద్దరమనే నొక్కుతాను.

తొందరగా జవాబు రాయి.