ఎండిన పత్తిని పీకద్దు

నాయనా,

సుగ్గి కూలోళ్ల బండి ముందే వచ్చేసింది. నువ్వు ఆదోని నుంచి వచ్చేదాకా ఆగమంటే డ్రైవరన్న ఇనలేదు. అమ్మా నేనూ గుంటూరు పక్క మిరక్కాయ కోతకు పోతాండాము.

చేన్లో ఎండిన పత్తిని మాత్రం పీకద్దు. కరువు సాయానికి వ్యవసాయం సారు వచ్చి ఫోటో తీసుకునేదాకా అట్లే నిలబడనీ. దారిన పోయేవాళ్లు నవ్వుతారని పోయినేడు గొర్రెలకు ఇడిచి దున్నేస్తివి. తీరా ఆయప్ప వచ్చి, ఈడ పంటే లేదు కదా అని ఎళ్లిపాయ. ఈసారీ సాయం రాకుంటే నేను మళ్లా కాలేజీ మొగం చూసేది లేదు. నీకంత సిగ్గయితే రోడ్డు పక్కకు పోవద్దు, అంతే.

జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి పెట్టినా. తినకుండా పండుకోవద్దు. అమ్మ ఏడ్చిందని నీకు చెప్పద్దనింది.

రూత్

ఇంగోటి మరిచినా. గట్టు కాడ ఒక్క పత్తి చెట్టు పచ్చగా పూత పెట్టింది. దినామూ నేనే చెంబుతో నీళ్లు పోస్తాంటి. దాన్ని చూసి సారు పంట బాగుందని రాసుకుంటాడేమో, వచ్చేలోపల పీకెయ్యి. పొద్దున నేనే పోయినా. చెయ్యి రాలేదు.