చెవి మిషను బిళ్ళ

చిక్కడపల్లి, 1969. బుధవారం రాత్రి.

పక్కింటి రమ, రెండేళ్ల పిల్ల, ఈ రోజు వాళ్ల తాత చెవి మిషనులోని సెల్లు మింగింది. చొక్కా గుండీ అంత బిళ్ళ. పోయిన ఏడాది మా అబ్బాయి సీనుని నాకు లేకుండా చేసింది అలాంటిదే.

నేను వెళ్లేసరికి వాళ్ల నానమ్మ అరటిపండు ఒలుస్తోంది. మింగిన పైసలాగే రేపటికి దొడ్డికిలో బయటికి వస్తుందట. మా ఇంట్లోనూ అందరూ అదే అన్నారు. లోపల అది గొంతును కాలుస్తోందని ఎవరికీ తెలియదు. ఆ రోజు మా ఇంటికి వచ్చి పండు లాక్కున్నవాళ్లు లేరు.

నేను లాక్కున్నాను.

"ఏం పెట్టొద్దు పెద్దమ్మా, కక్కియ్యొద్దు. దవాఖానకు పోవాలె."

"నీ కొడుకును తిన్నవ్, ఇప్పుడు మా పిల్ల మీద పడ్డవా?"

"పడ్డ. పోయొచ్చినంక తిట్టు."

రమని ఎత్తుకుని రిక్షా ఎక్కాను. వాళ్లమ్మ సావిత్రి చెప్పుల్లేకుండానే వెంట ఎక్కింది. నారాయణగూడ దవాఖానలో ఎక్స్‌రే తీశారు. బిళ్ళ గొంతులోనే ఉంది. గొట్టం వేసి తీసేశారు. "ఇంకో పూట ఆగి ఉంటే..." అని డాక్టరు ఆగిపోయాడు. మిగతాది నాకు తెలుసు.

సాయంత్రం పెద్దమ్మ వచ్చింది.

"నోరు జారిన బిడ్డా."

"జారనీ. మిగిలిన బిళ్ళలు ఏడ పెట్టిన్రో జర చూపియ్యి."

వాటిని డబ్బాలో పెట్టించి, అటక ఎక్కించి వచ్చాను.

అశోక్‌నగర్‌లోనూ ఈ మిషన్లు పెట్టుకున్న ముసలివాళ్లు ఉన్నారట. రేపు వెళ్తాను. కొడుకు పోయినదాన్ని, నన్ను చూసి తలుపులు వేసుకుంటారేమో. తడతాను.