కంచె లోపల ఉండిపోయిన షోకో

వాగు పనుల కార్యాలయ పెద్ద అధికారి గారి సముఖమునకు, అతలాకో కొండ గ్రామపు మొక్కజొన్న రైతు హిలారియో తెపెత్లా వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మనుమరాలి ఆత్మను పిలుచుకొనుటకు తమ కంచె లోపలికి అరగంట అనుమతి కోరుట గురించి.

1. నా మనుమరాలు ఏడేళ్ళది. బడి రిజిస్టరులో ఎన్రికేతా, ఇంట్లో షోకో, అనగా మా నావా భాషలో కడగొట్టుది. గత నవంబరులో రేవు దగ్గర ఉండగా, తమ వారు బండ పేల్చిన చప్పుడుకు జడిసి నీళ్ళలో పడినది. ఒంటిని బయటికి లాగితిమి. ఆత్మ అక్కడే ఉండిపోయినది. వారం తిరక్కముందే ఆ రేవు చుట్టూ కంచె వేసినారు.

2. నాటి నుండి పిల్ల తిండి మానినది. డాక్టరు గారి మందులన్నీ వాడితిమి, వారి తప్పేమీ లేదు. పడిన చోటికి పోయి, నేల తట్టి, పేరు పెట్టి పిలిచి తెచ్చుకొనుట మా వాడుక. అలా పిలవగల లుబీనా అవ్వను వెంటబెట్టుకొని నాలుగు సార్లు గేటు దాకా వచ్చితిని.

3. కాపలాదారు, “పెద్దాయనా, లోపల ఏం పోయిందో ఫారంలో రాయాలి. గొడ్డలికి గడి ఉంది, మేకకి ఉంది. ఆత్మకి లేదు, నన్నేం చేయమంటావు?” అన్నాడు. మంచివాడే. జాలిపడి, “ఎన్రికేతా, గేటు వద్దకు రావలెను” అని మైకులో స్పానిష్‌లో మూడు మార్లు పిలిపించాడు. లారీ డ్రైవర్లు నవ్వారు. అవ్వ ఊరుకోలేదు. “అసలే జడుసుకున్న పిల్ల. ఎవరో ఏంటో తెలీని గొంతుతో అట్టా అరిస్తే ఇంకా లోపలికి పోయి దాక్కోదూ? ఇంట్లోవాళ్ళు మన మాటల్లో పిలవాలి నాయనా” అంది.

4. మేము తెచ్చునవి ఒక కొవ్వొత్తి, వాగుకు పోయుటకు గుక్కెడు చెరకు సారా. యంత్రముల జోలికి పోము. ఇనపటోపీ పెట్టుకొనుటకు అవ్వ కూడా ఒప్పుకొన్నది.

5. ఆదివారం పిల్ల నన్ను, “తాతా, నీళ్ళు చల్లగా ఉన్నాయి. నన్నెప్పుడు తీసుకెళ్తావు?” అని అడిగింది. పొయ్యి పక్కన, నా ఒళ్ళో కూర్చుని అడిగింది అయ్యా. పెద్ద సారు సంతకం పెట్టగానే అని చెప్పాను.

కావున ఈ ఒక్క సంగతి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
హిలారియో తెపెత్లా

మరొక మాట: కొండచరియ విరిగి బస్సు రాలేదు, కాగితం రెండు రోజులు నా దగ్గరే ఉండిపోయింది. నిన్న మధ్యాహ్నం షోకో పోయింది. ఇక అవసరం లేదని అర్జీ కొట్టేయకండి సారూ. ఇక్కడ ఉన్నది సగమే. సగం పిల్లను ఎలా పాతిపెట్టమంటారు? పెట్టెకు మూత వేయకుండా కూర్చున్నాం.