మాత్రలు మానిపించే మొక్కు

చెల్లెమ్మా సీతా,

నీకు అందదని తెలిసే ఇది వ్రాస్తున్నాను. నేడు జరిగినవి వరుసగా ఇవి.

1. అల్లుడు స్టీల్ ప్లాంటు కట్టుబడి పనికి వెళ్ళిన తరువాత, నీ అత్తగారు, అనగా మన మేనత్త, ఎలమంచిలి నుండి గాజువాకలోని మా ఇంటికి వచ్చినది.
2. నా కుమార్తె భారతి పిల్లల కోసం చూస్తున్నదని ఆమెకు ఎవరో చెప్పారు.
3. నీకు వచ్చిన దిగులు జబ్బే భారతికీ ఉన్నదనీ, మందులు వాడుతున్నదనీ కూడా చెప్పారు.

తరువాతి దానికి అంకె వేయబుద్ధి కావడం లేదు. కాఫీ త్రాగి, మూతి తుడుచుకుని ఆమె అన్నది: "గుళ్ళో ఉయ్యాల కడతానని మొక్కీసుకో. కడుపొచ్చీదాకా ఆ మాత్రలు ముట్టకు. సీతకీ అలాగే మానిపించీసినాను."

ఎంత గర్వము! అలా మానిపించిన తరువాతనే కదా, దిగులు తిరగబెట్టి నీవు ప్రాణం తీసుకున్నావు. నీకు పిల్లలు పుట్టలేదన్నది ఒక్కటే ఆమెకు జ్ఞాపకమున్నది.

భారతి నవ్వినది. "డాక్టరమ్మని ముందే అడిగినాను మామ్మా. కడుపుతో ఉన్నా వాడుకోదగ్గ మందుకి మార్సింది. తనకి సెప్పకుండా మానొద్దంది. మొక్కు నువ్వు మొక్కు, మాత్ర నాను మింగుతాను."

"ఓలమ్మ, దీని నోరు సూడు!"

"నోటికేటి గానీ, ఆ నీళ్ళిలా అందుకో."

అత్త ముఖం మాడ్చుకుని గ్లాసు అందించినది. నీ మాత్రలు పెరట్లో పారబోసిన చేయి అదే, సీతా. భారతి మింగి, ఖాళీ గ్లాసు ఆమె చేతికే తిరిగి ఇచ్చినది.

సాయంత్రము అయిదు గంటల పది నిమిషములు.
నీ అన్న,
కోరుకొండ అప్పలనరసయ్య