పాత డ్రైవర్ నడిచే ఒక్క కంప్యూటర్ కోసం

గౌరవనీయులైన సూపరింటెండెంట్ గారికి,
ప్రభుత్వ వాక్ పునరావాస కేంద్రం, అమీర్‌పేట.

అయ్యా,

విషయం: చికిత్స గదిలోని కంప్యూటర్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించినందున నా భర్త గిటార్ పరికరం సరిగా పనిచేయకపోవుట – పాత సిస్టమ్‌తో ఒక కంప్యూటర్ ఇప్పించుట – గురువారం జరుగు సమీక్షను వాయిదా వేయుట – గురించి.

పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలో నివసించుచు, అమీర్‌పేటలోని ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్‌లో రిసెప్షనిస్టుగా పనిచేయుచున్న యశస్విని అను నేను తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. నా భర్త విక్రమ్ గిటారిస్టు. బేగంపేట హోటళ్లలోనూ, పెళ్లి రిసెప్షన్లలోనూ వాయించేవారు. కిందటి వానాకాలంలో పంజాగుట్ట చౌరస్తా దాటుతుండగా బైకు జారి తలకు దెబ్బ తగిలింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. మనం చెప్పేది ఆయనకు అర్థమవుతుంది. తాను చెప్పాలనుకున్నది కూడా తెలుసు. నోటి దాకా రాదు. కుడిచేతి పట్టు కూడా బాగా తగ్గింది. అట్టి స్థితిలో తమ కేంద్రంలో చేర్చుకున్నందుకు మా కుటుంబం తమకు రుణపడి ఉన్నది.

2. ఇక్కడి స్పీచ్ థెరపిస్టు హరిణి గారు, మామూలుగా మాట రానివారిలో కొందరికి పాట మీద మాట వస్తుందని చెప్పి, ఆయన గిటార్ తెమ్మన్నారు. తెచ్చాము. కానీ ఆ చేతితో మీటితే తీగ మోగలేదు. అప్పుడు ఆయన తన పాత ఎఫెక్ట్స్ పెట్టె వైపు సైగ చేశారు. కాలితో నొక్కే మీటలుండే పెట్టె అది. తీగ మీది సన్నని చప్పుడును కంప్యూటర్‌కు పంపుతుంది. కంప్యూటర్ దాన్ని నిండుగా, పొడుగ్గా చేసి ఆ క్షణంలోనే హెడ్‌ఫోన్లలో వినిపిస్తుంది. దాన్ని గదిలో వాడుకోవడానికి తమరే అనుమతి ఇచ్చారు.

ఆయన ఒక చిన్న వరస వాయించేవారు. హరిణి గారు ఆ వరస మీద ఒక మాట పెట్టి అనేవారు. ఆయన పెదవులు కదిపేవారు, అంతే. చాలాకాలం అలాగే గడిచింది. ఒకరోజు పొద్దున నేను డబ్బాలో తెచ్చిన ఉప్మా ఒక ముద్ద తిని, స్పూను పక్కన పెట్టి, గిటార్ తీసుకుని రెండు సార్లు మీటి, ఆ వరస మీదే "ఉప్పు లేదు" అన్నారు. ప్రమాదం తర్వాత నేను విన్న మొదటి మాట అదే. ఉప్పు కోసం క్యాంటీన్‌కు పరుగెత్తాను. అక్కడ నిలబడి ఏడ్చాను. ఈ సంగతి అర్జీలో రాయదగినది కాదని తెలుసు, మన్నించవలెను.

3. ఆ తర్వాత మాటలు పెరిగాయి. గదిలో గిటార్‌తో వచ్చిన మాటను ఇంటికి వచ్చాక గొంతులో కూనిరాగం తీస్తూ అనేవారు. ఒక ఆదివారం నేను గిన్నెలు తోముతుంటే వెనుక నుంచి "నువ్వు తిన్నవా" అని అడిగారు. పెళ్లయిన కొత్తలో ఆయన 'తిన్నవా' అంటే మా భీమవరం చుట్టాలు నవ్వేవారు. ఆ రోజు మాత్రం ఆ మాట మళ్లీ అడగమని నేనే బతిమాలాను. మళ్లీ అడిగారు.

4. ఇట్లుండగా, ఈ వేసవిలో కేంద్రంలోని కంప్యూటర్లన్నిటికీ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించారు. రోగుల వివరాల భద్రత కోసం అది తప్పనిసరి అని సర్క్యులర్‌లో ఉంది. దాన్ని నేను తప్పు పట్టడం లేదు. అయితే ఆ పెట్టెకూ కంప్యూటర్‌కూ మధ్య పని జరిపించే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ పాత సిస్టమ్ కోసం తయారైనది. కొత్త సిస్టమ్ దాన్ని ఒప్పుకోవడం లేదు. పెట్టె తయారుచేసిన కంపెనీని ఇంకొక కంపెనీ కొనేసింది. వారికి రాస్తే, ఈ మోడల్‌కు కొత్త డ్రైవర్ లేదు, ఇకమీదట రాదు అని జవాబిచ్చారు. వేరే పెట్టె తెచ్చుకుంటామంటే, బయటి పరికరాలకు ఇప్పుడు కొత్తగా అనుమతి ఇవ్వడం లేదని ఆఫీసులో చెప్పారు. మా సొంత లాప్‌టాప్‌కూ అదే జవాబు.

5. ఫిర్యాదు చేయగా, ఐటీ విభాగం టెక్నీషియన్ సురేందర్ గారు వచ్చి కొత్త సిస్టమ్‌లో సిద్ధంగా ఉండే మామూలు డ్రైవర్‌తో పెట్టెను కలిపారు. శబ్దం వచ్చింది. "శబ్దం వచ్చుచున్నది. ఫిర్యాదు పరిష్కరించబడినది" అని నా ఫోనుకు సందేశం కూడా వచ్చింది.

అయ్యా, శబ్దం వచ్చుచున్నది. ఆలస్యంగా వచ్చుచున్నది. రెప్పపాటు కూడా ఉండదు ఆ ఆలస్యం. కానీ తీగ మీటిన చోట స్వరం లేదు, స్వరం వచ్చేసరికి నోరు ఆ చోటు దాటిపోయింది. మొదటి రోజు ఆయన నత్తిగా ఏదో అన్నారు. రెండో రోజు సగం మాట దగ్గర ఆగిపోయారు. ఆ వారం చివర గిటార్ కింద పెట్టి, అరచేత్తో తన నోటి మీద తానే కొట్టుకున్నారు. నేనూ హరిణి గారూ కలిసి ఆ చెయ్యి పట్టుకుని ఆపవలసి వచ్చింది.

నాకు అనుమానం వచ్చి, మైకు పెట్టించుకుని, నా గొంతే ఆ ఆలస్యంతో నాకు వినిపించమన్నాను. నా పేరు చెప్పబోయాను. ఏ దెబ్బా తగలని నేను, రోజంతా ఫోనులో మాట్లాడి జీతం తీసుకునే నేను, నా పేరు సరిగా చెప్పలేకపోయాను. తమరు ఒక్కసారి ఆ హెడ్‌ఫోన్లు పెట్టుకుని తమ పేరు చెప్పి చూడవలెనని ప్రార్థన.

6. ఈ సంగతి సురేందర్ గారికి చెప్పినప్పుడు ఆయన దాచకుండా చెప్పారు: "అక్కా, సౌండ్ వస్తుందా లేదా అని ఫారంల ఒక కాలమ్ ఉంటది. వస్తుందని రాసిన. లేటుగ వస్తుందని రాయనీకి కాలమ్ లేదు."

తర్వాత ఆయనే స్టోర్‌రూమ్‌లో పక్కన పడేసిన ఒక కంప్యూటర్ తెచ్చి, అందులో పాత సిస్టమ్ ఉంచి, పాత డ్రైవర్ వేశారు. పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. ఆ మధ్యాహ్నం నా భర్త హరిణి గారి పేరు పిలిచారు. నీళ్లు అడిగారు. కిటికీ అవతల మెట్రో పోతుంటే చూపించి "పోదాం" అన్నారు. రేపు ఏ మాటలు చేయాలో హరిణి గారు ఆలోచించుకుంటూ ఉన్నారు. అంతలో ప్రధాన కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. నెట్‌వర్క్‌లో పాత సిస్టమ్ ఒకటి కనబడిందట. దాన్ని అక్కడి నుంచే ఆపేశారు. నా భర్త మాట మధ్యలో ఉన్నారు.

సురేందర్ గారికి మెమో ఇచ్చారు. నెట్ వైరు తీయడం మరచిపోవడం ఆయన పొరపాటే కావచ్చు. ఆయన చేసిన పని వల్ల మాకు మేలు జరిగింది, ఎవరికీ నష్టం కాలేదు. దయచేసి ఆయన మీద చర్య తీసుకోవద్దని ఇందుమూలంగా కోరుచున్నాను.

7. ఇప్పుడు నాకు నోటీసు అందినది. "ఇటీవలి కాలంలో పురోగతి కనిపించనందున" గురువారం సమీక్ష జరిపి, నా భర్త చికిత్స కొనసాగించాలో ఆపాలో నిర్ణయిస్తారని అందులో ఉంది. మా వెనుక చాలామంది వేచి ఉన్నారని నాకు తెలుసు. బయట బెంచీ మీద వారిని రోజూ చూస్తున్నాను, వారి మొహాలు చూసి సిగ్గుపడుతున్నాను. కానీ పురోగతి ఆగింది నా భర్తలో కాదు. ఆయన్ని ఆ ఆలస్యంగా మోగే హెడ్‌ఫోన్లతోనే పరీక్షించి, మాట రావడం లేదని రాసుకుంటే, ఇక మేము ఎక్కడికి వెళ్లాలి? హరిణి గారిని అడిగాను. "ఇప్పుడు ఆపేస్తే వచ్చిన మాటలు కూడా నిలుస్తాయని నేను చెప్పలేను మేడం" అన్నారు. ఆవిడ ఎప్పుడూ ధైర్యమే చెప్పేవారు. ఈసారి నా కళ్లలోకి చూడలేదు.

8. కావున స్టోర్‌రూమ్‌లోని ఆ కంప్యూటర్‌నే, నెట్‌వర్క్‌కు కలపకుండా, రోగుల వివరాలేవీ అందులో లేకుండా, పాత సిస్టమ్‌తో, గోడ ప్లగ్గు, ఆ పెట్టె వైరు తప్ప మరే తీగా లేకుండా చికిత్స గదిలో ఉంచుటకు అనుమతి ఇప్పించవలెను. దాన్ని ఇంకెవరూ వాడకుండా తాళం వేస్తామన్నా సమ్మతమే. గురువారం సమీక్షను కొంతకాలం ఆపించవలెను. అది వీలుకాని పక్షంలో, ఆ సమీక్షైనా ఆ కంప్యూటర్ మీద జరిపించవలెను. ఒక్క పూట చాలు. ఇంతకంటే తక్కువ అడగడం నాకు చేతకావడం లేదు.

తమరు ఈ మనవిని చిత్తగించి, సమీక్ష మొదలయ్యేలోగా తగు ఉత్తరువు ఇప్పించవలెనని వేడుకొంటున్నాను.

తమ విధేయురాలు,
యశస్విని

తాజా కలం:

అయ్యా, పై అర్జీ నిన్న సాయంత్రం ఇంట్లో నా భర్తకు చదివి వినిపించాను. సమీక్ష అన్న చోట ఆయన నా చేతిలోని కాగితం మీద చెయ్యి వేసి "రాను" అన్నారు. గిటార్ లేదు, వరస లేదు, కూనిరాగమూ లేదు. కోపంగా, స్పష్టంగా అన్నారు. పరికరం లేకుండా మాట వచ్చిందంటే నా అర్జీ బలం తగ్గుతుందని తెలుసు. దాచిపెడదామని కాసేపు అనుకున్నాను కూడా. కోపంలో ఒక్కోసారి అలా ఒక మాట జారి వస్తుందని, దాన్ని మళ్లీ రప్పించలేమని హరిణి గారు ఫోనులో చెప్పారు. రప్పించాలని చూశాను. రాలేదు.

ఈ ఉదయం ఈ అర్జీ తమకు ఇవ్వడానికి నేను ఒక్కదాన్నే బయలుదేరాను. పంజాగుట్ట మెట్రో మెట్ల దగ్గర ఎవరో నా సంచీ పట్టుకుని లాగితే తిరిగి చూశాను. ఆయన. చెప్పులు కూడా మార్చుకోలేదు, పెట్టె మాత్రం చంకలో పెట్టుకుని వచ్చారు. రానన్నావు కదా, ఎందుకు వచ్చావని అడిగాను. నోరు తెరిచారు. ప్లాట్‌ఫాం మీద రెండు రైళ్లు పోయేదాకా ప్రయత్నించారు.

ఇప్పుడు తమ గది బయట నా పక్కనే కూర్చుని ఉన్నారు. ఎందుకు వచ్చారో నాకు ఇంకా తెలియదు. ఆయనే చెప్పాలి.