మీకు కలిగిన సమాధానం

టెల్కో కాలనీ, జంషెడ్‌పూర్
22 ఆగస్టు 1982, ఆదివారం

బలరామ్ గారికి,

ప్రభువు నామంలో హెప్సిబా వందనాలు. ఖరగ్‌పూర్‌లో మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమందరం క్షేమం. అలా రాయడం మర్యాద కాబట్టి రాశాను గాని, అది నిజం కాదు.

మీ ఉత్తరం జూలైలో అందింది. అప్పటి నుంచి జవాబు రాయడం, చించెయ్యడం, ఇదే పని. ఈరోజు చించను. ఎందుకంటే ఈరోజు ఆదివారం, మన తెలుగువాళ్ళందరూ గుడికి వెళ్ళారు, అమ్మ కూడా వెళ్ళింది, మా నాన్న మాత్రం వరండాలో కూర్చుని సైకిలు చెయిను తుడుస్తున్నారు. అది శుభ్రంగానే ఉంది. పోయిన ఆదివారం కూడా తుడిచారు. కాలనీలో అందరూ ‘ప్రార్థన నీలకంఠం’ అని పిలిచే మనిషి, రాత్రి డ్యూటీ దిగి కళ్ళు మండుతున్నా స్నానం చేసి ముందు బెంచీలో కూర్చునే మనిషి, మీ ఉత్తరం వచ్చాక గుడి మెట్లు ఎక్కలేదు.

నా తెలుగులో తప్పులుంటే సర్దుకోండి. బడిలో నేను చదివిందీ, ఇప్పుడు పిల్లలకు చెప్పేదీ హిందీయే. తెలుగు అక్షరాలు అమ్మ బైబిలులో నేర్చుకున్నాను. కోపంగా రాయడం అందులో సరిగ్గా రాలేదు.

మీరు రాసింది నాకు కంఠతా వచ్చేసింది. రాంచీలో ఉపవాస కూటాలకు వెళ్ళారు. మన పెళ్ళి గురించి దేవుని మాట కోసం కనిపెట్టి ప్రార్థించారు. ఇది దేవుని చిత్తం కాదని మీకు తేటగా తెలిసింది. మీ హృదయంలో పూర్తి సమాధానం కలిగింది. నన్ను కూడా దీన్ని దేవుని చిత్తంగా స్వీకరించమన్నారు. నా కోసం ప్రార్థిస్తానన్నారు. అంతే. మా అమ్మ ఎలా ఉంది, నాన్న ఏమనుకుంటారు, పెళ్ళికని పిలిచిన వాళ్ళకి ఏం చెప్పుకోవాలి, ఒక్క ముక్క లేదు. సమాధానం కలిగినవాళ్ళకి ఇవన్నీ గుర్తురావు కాబోలు.

సమాధానం అంటే మనవాళ్ళు శాంతి అనే అర్థంలో వాడతారు. నేను బడిలో అడిగే ప్రశ్నకి పిల్లలు చెప్పేదాన్ని కూడా సమాధానం అనే అంటారని అమ్మ చెప్పింది. మొదటిది మీకు దొరికింది. రెండోది నాకు ఎవరిస్తారు?

ఈస్టరు తర్వాత ఆదివారం ప్రధానం జరిగింది. పాస్టరుగారు అరగంట సేపు దేవుని చిత్తం గురించే చెప్పారు. మీరు అందరి ముందూ లేచి, ఈ సంబంధం కోసం ఏడాదిగా ప్రార్థించానని, దేవుడు దారి చూపించాడని సాక్ష్యం చెప్పారు. మా నాన్న కళ్ళు తుడుచుకున్నారు. ఆయన బాప్తిస్మం తీసుకున్నప్పుడు పలాస దగ్గర ఉన్న అన్నదమ్ములు మాట్లాడటం మానేశారని మీకు తెలుసు. కూతురి పెళ్ళికి అటువైపు నుంచి మనిషి రాడు. అందుకే ఆరోజు ఆయన, నాకు దేవుడే బంధువుల్ని ఇచ్చాడు అని మీ అమ్మగారి చేతులు పట్టుకున్నారు. నాలుగు నెలలు తిరక్కుండా అదే దేవుడు మనసు మార్చుకున్నాడని మీరు రాశారు.

ఉత్తరం పట్టుకుని నాన్న పాస్టరుగారి ఇంటికి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. పాస్టరుగారు చదివి, కళ్ళజోడు తీసి, దేవుని చిత్తమని అబ్బాయి అంటున్నప్పుడు మనం ఏమనగలం బ్రదర్, అన్నారు. నాన్న ఉత్తరం వెనక్కి తీసుకున్నారు. తర్వాత, “మరి ఉంగరాలు మార్పించినప్పుడు ఇదే దేవుడి సిత్తమని మీరే సెప్పినారు గదండీ. అప్పుడు తప్పు ఇన్నారా, ఇప్పుడు తప్పు ఇన్నారా?” అన్నారు. పాస్టరుగారు ప్రార్థన చేద్దాం అని మోకరించారు. ఆయన భార్య మోకరించింది. నేనూ మోకరించాను. మా నాన్న నిలబడే ఉన్నారు. కళ్ళు మూసుకోవలసిన నేను, తెరిచి ఆయన పాదాలనే చూస్తూ ఉండిపోయాను.

ఆరోజు నుంచి ఆయన ఒకటే మాట. “నా పిల్లలో ఏటి తక్కువ సూసినాడు దేవుడు?” గమనించండి, బలరామ్ ఏమి తక్కువ చూశాడు అనడం లేదు. దేవుడు అంటున్నారు. మీరు మధ్యలోంచి ఎంత చక్కగా తప్పుకున్నారో చూడండి. మిమ్మల్ని తిట్టడానికి కూడా మా నాన్నకి దారి లేకుండా చేశారు.

గుడిలో ఆడవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, నీ జీవితంలో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో పరీక్షించుకో తల్లీ, అంది. ఇంకొకావిడ, ప్రభువు ఇంతకంటే మంచిది దాచి ఉంచాడు అంది. పక్క క్వార్టరు సన్యాసమ్మగారు ఒక్కరే నన్ను నవ్వించారు. ఆవిడ మన గుడికి వచ్చే మనిషి కాదు. “పోనీలేమ్మా. ఇష్టం నేపోతే మా వోళ్ళు జాతకం కుదర్నేదంటారు, మీ వోళ్ళు దేవుడొద్దన్నాడంటారు. అంతే గదేటి తేడా” అన్నారు. నవ్వాను గాని, లోపలికి వెళ్ళాక ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే అంతే తేడా అని నేను నమ్మలేను. నమ్మితే మా నాన్న పోగొట్టుకున్నదంతా దండగ అయిపోతుంది.

మీకు తెలియని సంగతి ఒకటి. పోయిన ఆదివారం, పదిహేనో తారీఖున, టాటానగర్ వెళ్ళి మీ అమ్మగారిని చూశాను. ప్రధానానికి పెట్టిన చీర తిరిగిచ్చేద్దామని వెళ్ళాను. బిష్టుపూర్‌లో బస్సు మారుతున్నప్పుడు వాన మొదలైంది. రైల్వే క్వార్టర్స్ చేరేసరికి నేనూ తడిశాను, చీరా తడిసింది. సరస్వతమ్మగారు నన్ను గుమ్మంలో చూసి కంగారుపడి, తువ్వాలు తెచ్చి తల తుడిచారు. టీ పెట్టారు. చీర మాత్రం ముట్టుకోలేదు.

చాలాసేపు ఇద్దరం వాన గురించే మాట్లాడుకున్నాం. ఆఖరికి నేనే అడిగాను, అత్తయ్యగారూ, మీ అబ్బాయికి దేవుడు నిజంగా ఏం చెప్పాడు అని. అత్తయ్యగారూ అని ఇంకా పిలవవచ్చో లేదో నాకు తెలియదు, నోటికి అలాగే వచ్చింది. ఆవిడ గ్లాసు కింద పెట్టి, “వాడికి సిన్నప్పటి నుంచీ అంతేనమ్మా. ఒద్దు అనడం రాదు. బడి ఇష్టం నేకపోతే కడుపునొప్పి అనీవోడు. పెద్దోడయినాడు గదా, ఇప్పుడు కడుపునొప్పంటే బాగోదు” అన్నారు. అని, ఆవిడే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

తర్వాత మిగతాది చెప్పారు. మే నెలలో మనం జూబ్లీ పార్కుకి వెళ్ళినప్పుడు నేను ఉద్యోగం మాననని, జీతంలో కొంత మా ఇంటికి ఇస్తానని అన్నాను కదా. ఆరోజు మీరు ఇంటికి వచ్చి, “అమ్మా, ఈ పిల్ల నా మాట ఇనదు, నాకు బయమేస్తంది” అన్నారట. ఖరగ్‌పూర్‌కి బదిలీ అడిగింది ఆ వారంలోనేనట. రాంచీ కూటాలు జూన్ ఆఖరున. అంటే దేవుడు మీతో మాట్లాడటానికి ముందే మీరు సామాను సర్దుకున్నారు.

పార్కులో మీరు నాతో అలా అనలేదు. భయమేస్తోంది అనలేదు, నాకు ఇష్టం లేదు అనలేదు. చూద్దాం, ప్రార్థన చేద్దాం అని హిందీలోకి తప్పుకుని, “దేఖేంగే, ప్రార్థనా కరేంగే” అన్నారు. ఫౌంటెను వైపు చూస్తూ అన్నారు. మీరు ఇష్టం లేదు అని ఉంటే నేను వాదించేదాన్ని. మీరూ వాదించేవారు. ఒకవేళ పోట్లాడుకుని విడిపోయినా, మా నాన్న మిమ్మల్ని నాలుగు తిట్లు తిట్టి, ఆదివారం గుడికి వెళ్ళేవారు.

బలరామ్ గారూ, సిలువకి ముందు ప్రభువు తోటలో తన తండ్రి చిత్తానికి లోబడిన రాత్రి గురించి మీరే యౌవనుల కూటంలో ఎంతో బాగా చెప్పారు. నేను మూడో వరసలో కూర్చుని విన్నాను. ఆయనకి ఆ రాత్రి చెమట నెత్తురులా కారింది. తనకి ఇష్టమైనది ఒకటి, తండ్రి అడిగేది ఇంకొకటి కాబట్టి. మీకు ఏమీ కారలేదు. మీకు ఇష్టమైనదే ఆయన అడిగాడు. మీకు భయమైనదే ఆయన వద్దన్నాడు. ఇంత సులువైన దేవుణ్ణి నేను ఎక్కడా చూడలేదు.

నన్ను అడిగితే, దేవుని చిత్తం ఎలా తెలుస్తుందో నాకు తెలియదు. నాకు స్వరాలు వినిపించవు. వాక్యం కోసం బైబిలు తెరిస్తే ఎవరు ఎవరిని కన్నారో ఆ పేర్ల వరసే వస్తుంది. మీ ఉత్తరం వచ్చాక మూడు పూటలు పస్తున్నాను, ఆకలి తప్ప ఏమీ తెలియలేదు. మీకు అంత తేటగా చెప్పేవాడు, దెబ్బ తిన్నది నేనైనప్పుడు, నాకు ఒక్క మాట చెప్పకపోవడం ఏమిటి? ఈ కోపం మీ మీద ఎంత ఉందో, ఆయన మీదా అంత ఉంది. ఆయనకీ చెప్పాను. ఒకటి మాత్రం నాకు అనిపిస్తుంది. ఆయన చిత్తం చెయ్యాలంటే ముందు నిజం చెప్పాలి. అది చెప్పడానికి రాంచీ వెళ్ళనక్కర్లేదు.

మీరు తిరిగి రావాలని ఈ ఉత్తరం రాయడం లేదు. పెళ్ళి అయిపోయిన మాట. నాకు కావలసింది ఒక్కటే. మా నాన్నకి ఒక కార్డు రాయండి. పెద్ద ఉత్తరం వద్దు, వాక్యాలు వద్దు. ‘దేవుడు కాదు, నేనే వద్దనుకున్నాను. నాకు భయం వేసింది’ అని రాయండి. అంతే చాలు. ఆయన మిమ్మల్ని తిడతారు, మీరు పడండి. ఆయనకి ఆయన దేవుణ్ణి తిరిగి ఇచ్చెయ్యండి.

అమ్మ గుడి నుంచి వచ్చేస్తోంది. సందు చివర గొడుగు కనిపిస్తోంది. ఆపుతున్నాను.

మీ శ్రేయస్సు కోరుతూ అని రాయడానికి నాకు ఇంకా కొంతకాలం పడుతుంది. ప్రస్తుతానికి ఉత్త పేరే,

హెప్సిబా

తా.క. సోమవారం సాయంత్రం.

కవరు అంటించాక మళ్ళీ విప్పాను. పైన రాసినదంతా నిజమే. రాయని నిజం ఇంకొకటి ఉంది. నిన్నటి దాకా అది ఎవరికీ చెప్పలేదు.

నిన్న మధ్యాహ్నం అన్నాలు వడ్డించాక, ప్రార్థన చెయ్యమని అమ్మ నాన్నని అడిగింది. “నానెందుకు? ఆయనకి మన మాట ఇనపడదు” అని నాన్న కంచంలో చెయ్యి పెట్టేశారు. మా ఇంట్లో ఎప్పుడూ జరగని పని. నాకు ఇక ఉండబట్టలేదు. వినపడుతుంది నాన్నా, నాది విన్నాడు, అనేశాను.

పార్కు నుంచి వచ్చిన రోజు నేనూ ప్రార్థన చేశాను. ప్రభువా, ఔననీ కాదనీ అనని ఈ మనిషితో నేను బతకలేను, ఈ పెళ్ళి ఎలాగైనా ఆపు, నాన్న మొహం చూసి ఆ మాట చెప్పడం నా వల్ల కాదు, అని. మీ ఉత్తరం వచ్చేదాకా రోజూ అదే అడిగాను. అది చదివిన రోజు నేను ఏడ్చింది దుఃఖంతో కాదు. గుండె మీంచి బండ దిగినట్టయి ఏడ్చాను. ఆ తర్వాత నాన్న అలా అయిపోతుంటే, నిజం చెప్పడానికి ఇంకా భయమేసింది. మీకు ఇంత పాఠం చెప్పిన నేను కూడా వద్దు అనే మాట అనలేకపోయాను.

నాన్న చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. “ఎప్పుడడిగినావే?” అన్నారు. మేలో అన్నాను. “ఉత్తరం జూలైలో గదా వచ్చింది” అన్నారు. ఔనన్నాను. “అయితే ఇన్నాడన్నమాట” అన్నారు నెమ్మదిగా. వెంటనే ముద్ద కంచంలో పడేసి, “మరి నాతో సెప్పడానికి నీకేటి రోగం? నాను నిన్ను కొడతానా, సంపుతానా?” అని మొదలుపెట్టి, అన్నం చల్లారిపోయేదాకా తిట్టారు. అమ్మ చారు మళ్ళీ వేడిచేసింది.

అప్పుడు చెయ్యి కడుక్కుని వచ్చి ప్రార్థన చేశారు. మీకు కార్డు రాసే పని తప్పింది. మీ మీద నా కోపం తప్పలేదు. నా మొర వినడానికి ఆయన మీ పిరికితనాన్ని వాడుకుని ఉండవచ్చు, అది ఆయన ఇష్టం. అంతమాత్రాన మీరు ఆయన పేరు చెప్పి ఆడిన అబద్ధం నిజమైపోదు. కనీసం మీ అమ్మగారి దగ్గరికి వెళ్ళి, నా తప్పేనమ్మా అనండి. నా తడి చీర ఆవిడ ఇంట్లోనే ఉండిపోయింది, నాకు అక్కర్లేదు.

నాన్న ప్రార్థన మాత్రం రాస్తాను, మీరు అందరి ప్రార్థనలూ మెచ్చుకునేవారు కదా. “ప్రభువా, నా పిల్ల నాకు సెప్పనేని మాట నీకు సెప్పింది. నువ్వు ఇన్నావు. నీకు దండాలు. కానీ తండ్రీ, అన్ని దినాలు నాను ఆ సైకిలు తుడుత్తా కూకున్నప్పుడు, నా సెవిలో కూడా ఒక ముక్క ఏసుంటే నీ సొమ్మేటి పోయింది?” అన్నారు. అమ్మ ఆమెన్ అనడానికి భయపడింది. నేను అన్నాను.